పక్కింటావిడ చెవి

పన్నెండు ఫారాలూ తిరిగి వచ్చాయి. పన్నెండింటిలోనూ అయిదుకి అయిదే.

రెంగానిస్ వాటిని బల్లమీద పరిచి మళ్ళీ మొదటినుంచి చూసింది. చెవిలో పెట్టుకుంటే ఎలా ఉంది? అయిదు. గంట గడిచాక? అయిదు. పాట ఎలా వినిపిస్తోంది? అయిదు. ఫోన్లో మాట? అయిదు. ఇబ్బందులేవైనా ఉంటే రాయమని అడుగున వదిలిన నాలుగు గీతల మీద చాలామంది "అల్‌హమ్దులిల్లా, చాలా బాగుంది" అని రాశారు. పన్నెండుమందిలో ఒకరైన బు ఇయోహ్ అమ్మగారికి ఆ గీతలు చాలక కాగితం వెనక్కి కూడా వెళ్ళింది. కంపెనీ చల్లగా ఉండాలనీ, యజమాని పాక్ వికాంతాకి ఆయురారోగ్యాలు కలగాలనీ, రెంగానిస్‌కి వచ్చే ఏడాదిలోపు మంచి మొగుడు దొరకాలనీ దీవించింది. ఇయర్‌బడ్స్ గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

ఇంత మంచి ఫలితం చూస్తే ఏ ఇంజనీరైనా ఎగిరి గంతెయ్యాలి. రెంగానిస్‌కి మాత్రం నమ్మకం కలగలేదు. ఎందుకంటే వాటిని పెట్టుకుంటే తన చెవి నొప్పి పుడుతుంది. ఎనిమిది నెలలుగా పుడుతూనే ఉంది.

నొప్పి చెవి మొత్తానికీ కాదు. కింది మడతలో మినపగింజంత చోట. పెట్టుకున్న పావుగంట దాకా ఏమీ తెలియదు. పైన హిజాబ్ బిగించి, గడ్డం కింద పిన్ను పెట్టాక, ఆ గుడ్డ నొక్కుడికి మెల్లగా మొదలవుతుంది. గంట దాటేసరికి పిన్ను పీకి పారెయ్యాలనిపిస్తుంది. పోనీ ఇవేమైనా మగవాళ్ళ కోసం చేసినవా అంటే అదీ కాదు. "హిజాబ్ కట్టుకునే మా అక్కచెల్లెళ్ళ కోసం" అని పెట్టెమీద బంగారు అక్షరాలతో అచ్చు వేయించుకున్నారు.

బాండుంగ్ నగరం తూర్పు కొసన, ఉజుంగ్‌బెరుంగ్ రోడ్డులో, మోటారుసైకిల్ విడిభాగాల దుకాణం మేడమీద ఉంది హలెవాంగ్ కంపెనీ. మొత్తం ఏడుగురు మనుషులు, రెండు ఫ్యాన్లు, ఒక రబ్బరు తల. ఆ తల చెవుల్లో మైకులుంటాయి. దానికి ఇయర్‌బడ్స్ తగిలించి ధ్వని కొలుస్తారు. ఆ ధ్వని రెంగానిస్ పని. రెండేళ్ళు ప్రాణం పెట్టి కుదిర్చింది. వెదురు పిల్లనగ్రోవి పాట పెడితే, వాయించేవాడు ఊపిరి తీసుకునే చప్పుడు కూడా విడిగా వినిపిస్తుంది. ఆకారం మాత్రం పాక్ వికాంతాది. కంపెనీ ఆయనదే. ఆయన తండ్రి కొయ్యబొమ్మలకి తలలు చెక్కేవాడు. ఆ చెయ్యి కొడుక్కీ వచ్చింది. కంప్యూటరులో గీయకముందే ఆయన మొదటి జతని కర్రతో చెక్కి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రెంగానిస్ అరచేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది నెంగ్, అమ్మాయీ?" అని అడిగాడు.

అరవై మూడేళ్ళ మనిషి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, పరీక్ష రాసిన పిల్లాడి మొహంతో అడిగితే ఏం చెబుతారు? "చాలా బాగుంది పాక్" అంది. ఒకసారి బాగుందన్నాక మర్నాడు బాగాలేదనడానికి మొహం చెల్లలేదు. వారం పోయాక అసలు చెల్లలేదు. ఆఫీసులో మిగతా అందరూ బాగుందంటుంటే, లోపం తన చెవిలోనే ఉందని తేల్చుకుంది. అద్దంలో చూసుకుంటే చెవి కూడా ఒక మాదిరి వంకరగానే కనబడింది. మనసులో పడ్డాక ఏ చెవైనా వంకరగానే కనబడుతుంది.

ఇప్పుడు ఊరుకోవడానికి వ్యవధి లేదు. శనివారం ఆ ఆకారం అచ్చు చేసే కార్ఖానాకి వెళ్ళిపోతుంది. సోమవారం ఉక్కు దిమ్మ మీద దాన్ని కోసేస్తారు. కోసిన ఉక్కు మళ్ళీ అతకదు. రెండో అచ్చు చేయించే శక్తి హలెవాంగ్‌కి లేదు. తరువాత ఎన్ని వేల జతలు తయారైనా అన్నింటికీ ఆ మినపగింజ నొప్పి తప్పదు. ఒకసారి కొన్నవాళ్ళు రెండోసారి కొనరు, ఎందుకు కొనలేదో చెప్పనూ చెప్పరు. కంపెనీ మూతపడుతుంది. ఫారాలు వచ్చిన ఈ రోజు మంగళవారం.

పాక్ వికాంతా అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. చేతిలో బాలా-బాలా పకోడీల పొట్లం. ఫారాలు ఒక్కొక్కటే చదువుతుంటే ఆయన మొహం విప్పారిపోయింది.

"పన్నెండు మందీ అయిదేనా! చూశావా నెంగ్, నీ ధ్వని!"

"మీ ఆకారం, పాక్."

"నీ ధ్వనే."

ఇలా ఒకళ్ళనొకళ్ళు కాసేపు మెచ్చుకున్నారు. రెంగానిస్ రెండు పకోడీలు తింది. చెప్పాల్సిన మాట వాటితోపాటే లోపలికి పోయింది.

అసలు తప్పు తను ఎక్కడ చేసిందో సాయంత్రం ఇంటికి వెళ్ళే వ్యానులో తట్టింది. పరీక్షకిచ్చే ఇయర్‌బడ్స్‌ని పరీక్షకిచ్చినట్టు ఇవ్వాలి. తను ఏం చేసింది? రంజాన్ పండుగ వారంలో, రిబ్బను కట్టి, పక్కన కేకు పెట్టి, పన్నెండిళ్ళకీ స్వయంగా వెళ్ళి, రెండు చేతులతో ఇచ్చింది. అది కానుక. కానుక ఇచ్చిన మనిషి ముందు కానుకకి వంక పెట్టే ఆడమనిషి ఈ బాండుంగ్ కొండల్లో ఇంకా పుట్టలేదు. చెవి తెగి కిందపడినా "బాగుంది నెంగ్, తేలిగ్గా ఉంది" అనే అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషే ఇంత మాత్రం ఆలోచించకపోతే ఇంక ఎవరినని ఏం లాభం?

బుధవారం పొద్దున, ఆ పన్నెండుమందిలో ఒకరైన బు కొకొమ్ ఇంటికి వెళ్ళింది. బు కొకొమ్‌కి నలభై ఏడేళ్ళు. ఇంట్లోనే హిజాబ్‌లు కుట్టి అమ్ముతుంది. గుడ్డ సంగతి, పిన్ను సంగతి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ముందుగదిలో అద్దాల బీరువాలో, పెళ్ళినాటి టీ కప్పుల పక్కన, ఇయర్‌బడ్స్ పెట్టె కూర్చుని ఉంది. రిబ్బను మళ్ళీ కట్టేశారు.

"వాడుతున్నారా బు?"

"అయ్యో, రోజూ వాడుతున్నాగా! మిషను దగ్గర కూర్చుంటే అవే నాకు తోడు."

ఆవిడ దగ్గర బామ్ వాసన గుప్పుమంటోంది.

"చెవికేమైంది బు?"

"ఏం లేదు నెంగ్. గాలి సోకింది."

"ఒక్క చెవికేనా?"

"రెండింటికీ సోకింది. గాలి కదా, దానికి ఒకటేమిటి, రెండేమిటి? టీ తాగు."

టీ తాగింది. మరో రెండు రకాలుగా అడిగి చూసింది. బు కొకొమ్ గోడలా నిలబడింది. తనకి వీసమెత్తు ఇబ్బంది లేదంది. లేచి వెళ్ళబోతుంటే, గుమ్మం దగ్గర, చెప్పుల్లో కాలు పెట్టేసరికి ఆవిడే గొంతు తగ్గించింది.

"నాకేం లేదు కానీ... పాపం బు ఇయోహ్‌కే..."

"బు ఇయోహ్‌కి ఏమైంది?"

"నేనన్నానని చెప్పకు సుమా. ఆవిడకి చెవి కిందివైపు కమిలిపోయింది. ఇదిగో, ఇక్కడ." అని తన చెవి మీదే, సరిగ్గా ఆ మినపగింజ చోట, వేలు పెట్టి చూపించింది. "పెళ్ళివారింట్లో వంట దగ్గర పెట్టుకుందా, పిన్ను సర్దుకోవడానికి చెయ్యి ఎత్తిందా, దానికి వేలు తగిలి మొగుడితో మాట్లాడుతున్న ఫోను కట్టయిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ సర్దుకుంది, మళ్ళీ కట్టు. మూడోసారికి ఆయన, ఈవిడకి తన మీద కోపమొచ్చిందనుకుని, వానలో బండేసుకుని వచ్చేశాడు. క్షమించమని వంటవాళ్ళందరి ముందూ అడిగాడట. దేనికి క్షమించాలో ఆయనకీ తెలీదు, ఈవిడకీ తెలీదు!"

రెంగానిస్ నవ్వు ఆపుకుని, తిన్నగా సందు చివరనున్న బు ఇయోహ్ ఇంటికి వెళ్ళింది.

"నాకా?" అంది బు ఇయోహ్, హిజాబ్ అంచు చెవి మీదకి లాక్కుంటూ. "నాకు దివ్యంగా ఉంది. మంచి మొగుణ్ణి ఇమ్మని నీ కోసం రోజూ అడుగుతున్నాను కూడా. నాకేం లేదు నెంగ్. బు కొకొమ్‌కే పాపం, బామ్ సీసా అయిపోయిందట."

బయటికి వచ్చాక రెంగానిస్ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనక నుంచి హారన్ కొట్టినా కదల్లేదు. తన నొప్పి తను చెప్పుకోవడం ఇక్కడ మర్యాద కాదు. పక్కవాళ్ళ నొప్పి చెప్పడం మాత్రం జాలి. జాలికి హద్దేముంది?

గురువారం మధ్యాహ్నం రెంగానిస్ బు కొకొమ్ పెరట్లో కారం పళ్ళముక్కల రుజాక్ పెట్టించింది. పచ్చిమామిడి, దోర బొప్పాయి, జామకాయ, దోసకాయ ముక్కలు. పెద్ద రాతి సానమీద పచ్చిమిరపకాయలు, చింతపండు, తాటిబెల్లం కలిపి నూరుతుంటే సందు మొత్తానికి నోరూరింది. పన్నెండుమందీ వచ్చారు. కళ్ళమ్మట, ముక్కుమ్మట నీళ్ళు కారేదాకా తిన్నాక, అందరూ ముక్కులు తుడుచుకుంటున్న సమయం చూసి రెంగానిస్ కొత్త ఫారాలు పంచింది.

"మీ గురించి రాయొద్దు," అంది. "మీకు బాగుందని నాకు తెలుసు. మీ పక్కన కూర్చున్నావిడ చెవి గురించి రాయండి."

అందరూ కాగితాలు తిప్పి చూసుకున్నారు. తరువాత బు తెతి అనే బక్కపలచటి టీచరమ్మ, పక్కనున్న బు నానిహ్‌ని ఎగాదిగా చూసి, "పేరు రాయాలా?" అంది.

"అక్కర్లేదు."

"అయితే ఇంకో కాగితం ఇవ్వు."

ఇక కట్ట తెగింది. రాయడం ఎటో పోయి నోళ్ళే లేచాయి. బు నానిహ్ నవ్వేటప్పుడు దవడ కదిలి కుడివైపుది జారి పులుసులో పడిందని బు తెతి చెప్పింది. బు తెతి చావింటికి పరామర్శకి వెళ్ళినప్పుడు, హిజాబ్ సర్దుకోగానే చెవిలో డంగ్‌డుత్ చిందుపాట మొదలైందనీ, మొహం ఏడుస్తుంటే కాలు తాళం వేసిందనీ బు నానిహ్ తిరగ్గొట్టింది.

"అబద్ధం! కాలు తిమ్మిరెక్కింది!"

"తిమ్మిరెక్కిన కాలు తాళం తప్పకుండా ఆడుతుందా?"

గుడ్డ బిగిస్తే పాట గుహలోంచి వచ్చినట్టు బొంగురుపోతుందని ఒకావిడ తన వదిన తరఫున చెప్పింది. ఫోనులో మాట కన్నా గుడ్డ రాసుకునే చప్పుడే ఎక్కువగా వస్తోందని, అవతల ఎవరో చేపలు వేయిస్తున్నారా అని తన తోటికోడల్ని ఆవిడ కూతురు అడిగిందని ఇంకొకావిడ చెప్పింది. రెంగానిస్ చెయ్యి నొప్పి పుట్టేలా వాళ్ళ ఫారాల మీద తనే రాసుకుంటూ ఉంది. రబ్బరు తలకి తనెప్పుడూ హిజాబ్ కట్టలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడింది.

"నొప్పి ఎక్కడ? మీ పక్కావిడ చెవిలో ఎక్కడో వేలు పెట్టి చూపించండి," అంది.

పన్నెండు వేళ్ళు పక్కకి వెళ్ళాయి. పన్నెండూ ఒకే చోట ఆగాయి.

బు కొకొమ్ తన చెవి మీదున్న బు ఇయోహ్ వేలిని అలాగే పట్టుకుంది.

"నా చెవే వంకరనుకున్నానే," అంది మెల్లగా.

"నేనూ అంతే," అంది బు తెతి. "చిన్నప్పుడు మా అక్క చెవి మెలేసేది. అందుకే ఇలా అయిందేమో అనుకున్నాను."

రెంగానిస్‌కి కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిరపకాయల మీదకి నెట్టేసింది. తన గురించి మాత్రం ఆ పూట కూడా నోరు మెదపలేదు.

శుక్రవారం నమాజ్ అయ్యాక పాక్ వికాంతా మేడమీదకి వచ్చి, టోపీ తీసి మేకుకి తగిలించాడు. గదిలో ఇద్దరే ఉన్నారు. బల్లమీద రేపు కార్ఖానాకి వెళ్ళాల్సిన పెట్టె సిద్ధంగా ఉంది. రెంగానిస్ కొత్త ఫారాలు ఆయన ముందు పెట్టింది. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయింది.

"ఆడవాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు పాక్... అంటే, వాళ్ళు కాదు, వాళ్ళ పక్కవాళ్ళు..."

ఆయన కళ్ళజోడు దించుకుని చదవడం మొదలుపెట్టాడు. కంగారుపడలేదు. ఒక్కో కాగితం చదివి బోర్లా పెట్టాడు. చావింటి డంగ్‌డుత్ దగ్గర కూడా నవ్వలేదు. పన్నెండూ అయ్యాక వాటి అంచులు సరిచేశాడు.

"అందరూ పక్కవాళ్ళ చెవుల గురించే రాశారు."

"అవును పాక్."

"వీళ్ళందరికీ ఎవరో ఒకరు పక్కనున్నారు. నీ చెవి గురించి ఎవరు రాశారు నెంగ్?"

"ఎవరూ రాయలేదు పాక్."

"మరి దాని సంగతి నాకెలా తెలుస్తుంది?"

రెంగానిస్ తల వంచుకుంది. కింద దుకాణంలో ఎవరో బండి ఇంజను పరీక్షిస్తూ రయ్యిమనిపిస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది. ఆగాక ఇంక వంక దొరకలేదు.

"నాకు నొప్పి పుడుతుంది పాక్," అంది. "మొదటిరోజు నుంచీ. మీరు చెక్కిన ఆకారం... ఈ కింది అంచు గుచ్చుకుంటుంది. హిజాబ్ కట్టుకుంటే గంటసేపు కూడా భరించలేను. రేపు ఇలాగే పంపొద్దు పాక్. పంపితే మనం మునిగిపోతాం."

అనేసింది. అన్న మరుక్షణం చచ్చిపోవాలనిపించింది. తండ్రి లాంటి మనిషిని, ఆయన గదిలోనే, ఆయన చేతిపనిని పట్టుకుని అనేసింది. పాక్ వికాంతా మొహం వాడిపోయింది. దాచుకోవాలని కూడా చూడలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడ్డాడు.

తరువాత జేబులోంచి ఫోను తీసి కార్ఖానాకి చేశాడు. "రేపు పంపడం లేదు," అన్నాడు. "లేదు, ఏ ఆటంకమూ లేదు. ఆకారం బాగాలేదు. మార్చాలి. అవునండీ, నేను చేసిందే." ఫోను పెట్టేశాక కూడా ఇటు తిరగలేదు.

"ఇరవై రెండేళ్ళ కిందట నేను రేడియోలు చేశాను, నీకు తెలీదు," అన్నాడు కిటికీతో. "ఉద్యోగం మానేసి మూడొందలు చేశాను. టేకు పెట్టెలు. తెలిసినవాళ్ళందరికీ చూపించాను. చేతిలోకి తీసుకునేవారు, తిప్పి చూసేవారు, చాలా బాగుంది పాక్ అనేవారు. ఒక్కళ్ళూ కొనలేదు. ఎందుకు కొనలేదో ఇవాళ్టికీ తెలీదు నాకు. బరువనా? రంగు నచ్చలేదా? గొంతు బాగాలేదా? ఎంతమందిని అడిగినా బాగుందనే అన్నారు. అంతా మర్యాదస్తులే నెంగ్. ఒక్క అమర్యాద మనిషి దొరికుంటే బాగుపడేవాణ్ణి."

రెంగానిస్ ఏడ్చేసింది. ఈసారి దేనిమీదకీ నెట్టలేదు. "ఎనిమిది నెలలు చెప్పకుండా ఉన్నందుకు క్షమించండి పాక్," అంది.

ఆయన ఇటు తిరిగాడు. కుర్చీ లాగి ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయన చెవుల కొసలు ఎర్రబడ్డాయి.

"అయితే నేను కూడా ఒకటి చెప్పాలి. నువ్వు బాధపడకూడదు."

"చెప్పండి."

"ధ్వని."

రెంగానిస్ తలెత్తి చూసింది.

"పిల్లనగ్రోవి అద్భుతంగా ఉంది. అందులో అబద్ధం లేదు. మనిషి గొంతే బాగాలేదు నెంగ్. మా మనవరాలు ఫోను చేస్తే డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టుంటుంది. దాని గొంతు అలా ఉండదు. ఆరు నెలలుగా చెబుదామనుకుంటున్నాను. నువ్వేమో రెండేళ్ళు కష్టపడ్డావు. ఎలా చెప్పను? ముసలి చెవులు, నాకే సరిగ్గా వినబడడం లేదేమోనని ఊరుకున్నాను."

చెంప మీద కొట్టినట్టయింది. రెండేళ్ళ పని. కాదు, మీకే వినబడడం లేదు అని నాలుక చివరిదాకా వచ్చింది. గుహలోంచి వచ్చినట్టుందన్న వదినగారి మాట అప్పుడే గుర్తొచ్చి నోరు మూసుకుంది. మంటగానే ఉంది. అయినా ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ గదిలో ఊపిరి పూర్తిగా తీసుకోగలిగింది. తన పని గురించి ఎవరో నిజం చెప్పారు.

ముక్కు తుడుచుకుని, నోటుపుస్తకం తెరిచి, కొత్త పేజీ తిప్పింది.

"మీ మనవరాలికి ఇప్పుడే ఫోను చెయ్యండి పాక్," అంది. "ఏ మాట దగ్గర బాగాలేదో, అక్కడికక్కడ ఆపి నాకు చెప్పండి."